వదిలేసిన వాక్యం

వైదేహి ఏడేళ్ళుగా ఫోన్లో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేస్తోంది. కెనడాలోని ఒషావాలో వాళ్ళ ఇంటి మేడ మీద చిన్న గది, అందులో ఒక టేబులు, హెడ్‌సెట్, నోట్‌బుక్కు, అంతే ఆమె ఆఫీసు. ఏజెన్సీ వాళ్ళు కాల్ కలుపుతారు. అవతల ఆస్పత్రి ఉండొచ్చు, స్కూలు ఉండొచ్చు, కోర్టు ఉండొచ్చు. తెలుగులో అన్నది ఇంగ్లీషులో, ఇంగ్లీషులో అన్నది తెలుగులో చెప్పాలి. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క తీసెయ్యకూడదు. ఈ ఏడేళ్ళలో ఆమె ఆ గీత దాటింది లేదు.

మొదట్లో ఎక్కువగా ఆస్పత్రి కాల్సే వచ్చేవి. షుగర్ మందులు ఎప్పుడు వేసుకోవాలో, గుండె పరీక్షకి పరగడుపున ఎందుకు రావాలో, అలాంటివి. గత ఏడాదిగా బోర్డర్ నుంచి వస్తున్నాయి. అమెరికాలో శరణు కోసం అప్లై చేసుకుని ఏళ్ళతరబడి ఎదురుచూస్తున్నవాళ్ళు, అక్కడ పట్టుకుపోతున్నారన్న భయంతో ఇటు వస్తున్నారు. వచ్చినవాళ్ళలో చాలామందిని అదే రోజు వెనక్కి పంపేస్తున్నారు. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. శరణు కోరేవాళ్ళు ఈ రెండింటిలో ముందు ఏ దేశంలో అడుగుపెడితే అక్కడే అడగాలి. కెనడాలో దగ్గరి బంధువు ఉంటే మాత్రం, అంటే అమ్మో, నాన్నో, తోబుట్టువో, బాబాయో, మేనమామో ఉంటే, ఇక్కడ అడగనిస్తారు. ఆ బంధుత్వం బోర్డర్ ఆఫీసరు నమ్మాలి. ఒకసారి కాదన్నాక మళ్ళీ వచ్చి అడగడానికి లేదు.

ఆ మంగళవారం పొద్దున్న వైదేహి కిందకి దిగేసరికి భర్త కోదండరామ్ వంటింట్లో కూర్చుని రేడియో వింటున్నాడు. ఆయన కార్ల డోర్ ప్యానెళ్ళు చేసే ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్ళుగా సూపర్‌వైజరు. అమెరికావాళ్ళు కెనడా కార్ల మీద సుంకం వేశాక రెండో షిఫ్టు తీసేశారు. ఆయనకి వారంలో మూడు రోజులే పని. అప్పట్నించీ ఇంటిముందు కెనడా జెండా కట్టాడు. అమెరికా నుంచి వచ్చిన పండు ఇంట్లోకి రానివ్వడం లేదు. కొట్లో కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క డబ్బా తిప్పి చూస్తుంటే వైదేహికి కాళ్ళు లాగేవి.

"విన్నావా," అన్నాడు. "బోర్డర్ మీద మనం గట్టిగా లేమని మళ్ళీ అంటున్నాడు వాళ్ళ మంత్రి. మనవాళ్ళేమో హెలికాప్టర్లు పెట్టాం, డ్రోన్లు పెట్టాం అని సంజాయిషీ చెప్పుకుంటున్నారు. వీళ్ళకి మనం సంజాయిషీ చెప్పడమేమిటి?"

"మీరు టిఫిన్ తిన్నారా?"

"వాళ్ళు తరిమేసినవాళ్ళని మనం తీసుకోవాలట. అదొకటి."

వైదేహి కాఫీ కలుపుకుని పైకి వెళ్ళిపోయింది. ఆ మాటలు వినీ వినీ ఆమెకి విసుగు కూడా రావడం లేదు.

తొమ్మిదిన్నర లోపల రెండు కాల్స్ అయ్యాయి. ఒకటి కాన్సర్ డాక్టరుది. మాట్లాడుతున్నంతసేపూ అవతల రోగి కొడుకు ఏడుస్తూనే ఉన్నాడు. అది ముగిసి హెడ్‌సెట్ తీసేలోపే మూడోది కలిసింది. నయాగరా నది మీద ఒక వంతెన దగ్గరి బోర్డర్ ఆఫీసు.

ఆఫీసరు గొంతు మర్యాదగానే ఉంది. రాత్రి డ్యూటీ ముగియాల్సినవాడు ఇంకా కూర్చున్నట్టుంది. ఎదురుగా ఇద్దరున్నారని చెప్పాడు. సరోజన, ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆమె కూతురు అనన్య, తొమ్మిదేళ్ళు. బఫలో వైపు నుంచి వంతెన మీద నడిచి వచ్చారు.

సరోజన జగిత్యాల వైపు మనిషి. మాట నెమ్మది. అడిగినదానికి అడిగినంతే చెప్పింది. భర్త ఒక చిన్న పేపరుకి విలేకరి. వాగులో ఇసుక దొంగతనంగా తోలుకుపోతున్నవాళ్ళ పేర్లు రాశాడు. లారీ గుద్ది చచ్చిపోయాడు. అది యాక్సిడెంటు కాదని సరోజన కేసు పెట్టింది. ఆ తర్వాత రెండుసార్లు ఇంటి మీదికి వచ్చారు. విజిటర్ వీసా మీద అమెరికా వెళ్ళి అక్కడ శరణు కోసం అప్లై చేసింది. ఆరేళ్ళు ఒహాయోలో ఒక హోటల్ వంటింట్లో పనిచేసింది. ఈ వేసవిలో తనలాంటివాళ్ళని ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి హాజరు వేయించుకోవడానికి వెళ్ళినచోటే పట్టుకుని తీసుకుపోవడం చూసి, బిడ్డని తీసుకుని ఇటు వచ్చింది.

"కెనడాలో మీకు దగ్గరి బంధువులెవరైనా ఉన్నారా?" ఆఫీసరు అడిగిన ప్రశ్న వైదేహి తెలుగులో చెప్పింది.

"ఉన్నడు మేడం. మా చిన్నాయిన. మా బాపు తమ్ముడు. మల్లికార్జున్ పేరు. గ్వెల్ఫ్‌ల ఉంటడు, యూనివర్సిటీల సదువు చెప్పిండు, ఇప్పుడు రిటైర్ అయిండు."

"మీరు వస్తున్నట్టు ఆయనకి తెలుసా?"

"ఫోన్ జేసిన. రావద్దన్నడు."

వైదేహి అదే చెప్పింది. ఆఫీసరు ఆమె తండ్రి పేరు, తాత పేరు రాసుకున్నాడు. తండ్రి రాజన్న, పోయినేడు చనిపోయాడు. తాత రాజలింగం. తల్లీకూతుళ్ళని బయట కూర్చోమని, ఆమె తన ఫోన్లో చూపించిన మల్లికార్జున్ నంబరు డయల్ చేశాడు. వైదేహిని లైన్లోనే ఉండమన్నాడు.

మల్లికార్జున్ ఇంగ్లీషులోనే మాట్లాడాడు. నలభై ఏళ్ళు క్లాసులో పాఠం చెప్పిన గొంతు, ప్రతి మాటా విడివిడిగా వినిపించింది.

ఆఫీసరు అడిగాడు. "మీకు రాజన్న అనే అన్న ఉన్నారా?"

"నాకు అన్నదమ్ములెవరూ లేరు. మా అమ్మానాన్నలకి నేనొక్కణ్ణే."

"మీ నాన్నగారి పేరు?"

"నర్సయ్య."

"సరోజన అనే ఆవిడ మీకు తెలుసా?"

"ఫోన్ చేసింది. మా ఊరి మనిషి."

ఆఫీసరు థాంక్స్ చెప్పాడు. అవతల ఫోన్ పెట్టేస్తున్న చప్పుడుకి ముందు, తనలో తాను అనుకుంటున్నట్టు, అప్పటిదాకా లేని యాసలో మల్లికార్జున్ అన్న మాట వైదేహికి వినిపించింది.

"నన్ను ఇచ్చేసిన నాడు ఏమైండు ఈ అన్న?"

లైన్ కట్టయింది.

"చివర్లో ఆయన మీ భాషలో ఏదో అన్నట్టున్నారు. ఏమిటది?" అడిగాడు ఆఫీసరు.

వైదేహి నోట్‌బుక్కులో ఆ మాట రాసుకుంది కూడా. అయినా, "సరిగ్గా వినబడలేదు," అంది.

ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు. ఒంటరిగా గదిలో కూర్చున్న మనిషి గొణుక్కున్న మాటని పరాయివాళ్ళ ముందు పెట్టడానికి మనసొప్పక కావచ్చు. పొద్దున్నించీ మోసిన మాటల బరువు కావచ్చు. ఇంకొక్క వాక్యం మొయ్యలేక కింద పెట్టేసింది.

ఆఫీసరు తల్లీకూతుళ్ళని లోపలికి పిలిచాడు. మల్లికార్జున్ చెప్పింది ఇంగ్లీషులో చెప్పాడు. వైదేహి తెలుగు అందుకునేలోపే పిల్ల గొంతు వినిపించింది.

"మామ్, హి సెడ్ నో."

వైదేహి మిగతాది చెప్పింది. సరోజన గొంతు పెరగలేదు.

"గట్ల కాదు సార్. ఆయనను చిన్నప్పుడే మా పెద్దతాతకు ఇచ్చిన్రు. పెద్దతాతకు పిల్లలు లేకుండె. నర్సయ్య మా పెద్దతాత. ఆయనే సాదుకున్నడు. కని ఇచ్చింది మా తాత, మా నాయినమ్మ. బాపుది, ఆయనది ఒక్కటే కడుపు."

"నిరూపించడానికి ఏదైనా కాగితం ఉందా?"

"నా దగ్గర యాడిది సార్?"

"ఆయనే లేదంటున్నారు కదా."

వైదేహి ఎదుట నోట్‌బుక్కులో ఆ వాక్యం ఉంది. ఇప్పుడు చెప్తే చాలు. ఇంటర్‌ప్రెటర్ తన తప్పు తానే దిద్దుకోవచ్చు, దానికొక పద్ధతి కూడా ఉంది. కానీ వినబడలేదని చెప్పి ఐదు నిమిషాలయింది. ఇప్పుడు వినబడిందంటే అబద్ధం ఆడానని ఒప్పుకోవాలి. ఆ తటపటాయింపులో ఉండగానే ఆఫీసరు నిర్ణయం చదవడం మొదలుపెట్టాడు. ఆమె నోరు అలవాటుగా దాన్ని తెలుగు చేసుకుంటూ పోయింది. బంధుత్వం రుజువు కాలేదు. శరణు కోరే అర్హత లేదు. ఈ రోజే అమెరికా అధికారులకి అప్పగిస్తారు.

"మేడం," అంది సరోజన చివర్లో, ఆఫీసరుతో కాదు, నేరుగా వైదేహితో. "అటు పంపితె నన్నూ బిడ్డనూ ఒక్కకాడనే ఉంచుతరా?"

వైదేహి ఆ ప్రశ్న ఇంగ్లీషులో చెప్పింది. అది తన చేతిలో లేదన్నాడు ఆఫీసరు. కాల్ ముగిసింది.

వైదేహి హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పెట్టింది. కిందకి దిగి ఒక గ్లాసు నీళ్ళు తాగింది. కోదండరామ్ ఏదో అడిగాడు, వినిపించుకోలేదు. మళ్ళీ పైకి వెళ్ళి ఏజెన్సీకి ఫోన్ చేసింది. కాల్లో ఒక వాక్యం వదిలేశాను, అది చాలా ముఖ్యమైనది, వెంటనే ఆ ఆఫీసుకి చెప్పాలి అంది. అవతలి అమ్మాయి పాపం మంచిగానే మాట్లాడింది. ఫారం పంపిస్తాను, నింపండి, క్వాలిటీ టీమ్ ఐదు పనిదినాల్లో జవాబిస్తుంది అంది.

"ఈ రోజే పంపేస్తున్నారమ్మా వాళ్ళని."

"నాకు అర్థమైంది మేడం. నేను చేయగలిగింది ఇదే."

వైదేహి ఫారం నింపి పంపింది. దానివల్ల ఏమీ కాదని తెలుసు. మరో పది నిమిషాలు అలాగే కూర్చుని, గ్వెల్ఫ్‌లో ఉండే నీరజకి ఫోన్ చేసింది. అక్కడి తెలుగు సంఘం పనులు నీరజే చూస్తుంటుంది. రిటైరైన ప్రొఫెసర్ మల్లికార్జున్ గారి నంబరు కావాలి అంటే కారణం అడక్కుండా ఇచ్చింది.

కాల్‌లో విన్నది బయట ఎవరికీ చెప్పనని ఆమె ఏటా సంతకం పెడుతుంది. నంబరు నొక్కుతున్నప్పుడు ఆ సంతకం గుర్తొచ్చింది. అయినా నొక్కింది.

"మల్లికార్జున్ గారూ, నా పేరు వైదేహి. ఒషావా నుంచి మాట్లాడుతున్నాను. పొద్దున్న బోర్డర్ ఆఫీసరు మీతో మాట్లాడినప్పుడు లైన్లో ఉన్న ఇంటర్‌ప్రెటర్ని నేనే."

"నేను చెప్పాల్సింది చెప్పానమ్మా."

"చివర్లో మీరన్న మాట నేను విన్నాను. వాళ్ళకి చెప్పలేదు. నన్ను ఇచ్చేసిన నాడు ఈ అన్న ఏమయ్యాడన్నారు."

ఆయన కాదనేలోపే వైదేహి మళ్ళీ అందుకుంది.

"మీరు లోపల ఎవరి మీద కోపంతో అన్నారో నాకు తెలీదండీ. వాళ్ళు మాత్రం మీరూ రాజన్న గారూ అన్నదమ్ములు కాదనే రాసుకున్నారు. ఆవిడ మాట నమ్మలేదు. ఇంకాసేపట్లో పంపేస్తారు. తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది."

"మీరు ఇలా ఫోన్ చెయ్యచ్చా?"

"చెయ్యకూడదు. ఉద్యోగం పోతుంది."

"మరి?"

"పొద్దున్న చెప్పాల్సింది చెప్పలేదు. అందుకని."

ఆయన ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది. అప్పుడు మొదలుపెట్టాడు. గొంతులో ఆ ప్రొఫెసర్ తీరు లేదు.

"మా రెండిళ్ళూ పక్కపక్కనే ఉండేవి. మధ్యలో నడుము ఎత్తు గోడ. ఆరేళ్ళప్పుడు నన్ను ఆ గోడ మీంచి ఎత్తి మా పెదనాన్న చేతికిచ్చిన్రు. అప్పుడు ఆటలాగనే అనిపించింది. ఏడాది తిరిగేసరికి బావి నీళ్ళ వంతు దగ్గర అన్నదమ్ములు కొట్లాడుకున్నరు. గోడ మనిషెత్తు లేపిన్రు. అటు పోతే కాళ్ళు ఇరగ్గొడ్తనన్నడు మా పెదనాన్న. ఇటు వస్తే రానియ్యనన్నడు నన్ను కన్నాయన. వాళ్ళిద్దరి పౌరుషం వాళ్ళది. పొద్దుగూకినంక మా అమ్మ మా అన్నను బువ్వకు పిలుస్తుంటే గోడకు ఇవతల నిలబడి వినేటోణ్ణి. రాజన్నా అనే పిలిచేది. నా పేరు ఎన్నడూ పిలవలే. ఇంటర్మీడియెట్‌కి హైదరాబాదు పోయినంక మళ్ళీ ఆ ఊరి మొహం చూడలే. అన్న ఒక్కనాడు గోడ ఎక్కి ఇటు చూడలేదమ్మా. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఎక్కలేడా?"

ఇది ఎవరికీ తర్జుమా చేసి చెప్పనక్కర్లేని మాట. వైదేహి ఊరికే వింది.

"ఇప్పుడు ఆయన బిడ్డ వచ్చి చిన్నాయినా అంటది."

"మీరు ఆవిణ్ణి ప్రేమగా చూసుకోవాలని నేను అడగడం లేదండీ," అంది వైదేహి. "నిజం చెప్పమనే అడుగుతున్నాను."

ఫోన్ పెట్టేశాడు. అది ఔనో కాదో ఆమెకి తెలియలేదు. మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుని రెండు ముద్దలు తిని, మిగతాది తీసేసింది.

తర్వాత జరిగింది ఆమెకి మూడు రోజులకి తెలిసింది, మల్లికార్జున్ ఫోన్ చేసి చెప్తే.

ఆయన ముందు బోర్డర్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. లైన్లోనే ఉండమని నలభై నిమిషాలు పాట వినిపించారు. విసుగొచ్చి పెట్టేసి, సర్టిఫికెట్ల ఫైలు తీశాడు. అందులో, డిగ్రీల అడుగున, పాత స్టాంపు కాగితం మీద రాసిన దత్తత పత్రం ఉంది. ఫలానా రాజలింగం తన రెండో కొడుకు మల్లికార్జున్‌ని అన్న నర్సయ్యకి దత్తు ఇచ్చినట్టు, కింద ఇద్దరి వేలిముద్రలూ ఉన్నాయి. పాస్‌పోర్టు కోసం ఒకసారి తీసిన కాగితం. దాన్ని పక్క సీట్లో పెట్టుకుని కారు తీశాడు. హ్యామిల్టన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, వంతెన దగ్గరికి చేరేసరికి మూడయింది.

అప్పటికే పంపేసి ఉండాలి. పంపలేదు. రెండు వైపుల వాళ్ళ పంతం వల్ల ఆగింది. ఇటునుంచి వెళ్ళిన అప్పగింత కాగితంలో పిల్ల పేరు రెండుచోట్ల రెండు రకాలుగా ఉందని అటువాళ్ళు తిప్పి పంపారు. ఇటువాళ్ళు దిద్ది పంపారు. దిద్దినచోట సంతకం లేదని మళ్ళీ తిప్పి పంపారు. మీ ఫారాలు మీరు సరిగ్గా చూసుకోండని అటు ఆఫీసరు అన్నాడట. మాకు పాఠాలు చెప్పక్కర్లేదని ఇటు సూపర్‌వైజరు అందట. అలా మూడు గంటలు గడిచాయి. ఆ మూడు గంటలూ తల్లీకూతుళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, ఎవరో ఇచ్చిన బిస్కెట్లు తిన్నారు.

మల్లికార్జున్ కౌంటరు దగ్గర నిలబడి, పొద్దున్న తాను చెప్పింది తప్పని చెప్పాడు. సూపర్‌వైజరు వచ్చింది. చాలా కోపంగా ఉంది. ఏజెన్సీ నుంచి వేరే ఇంటర్‌ప్రెటర్ని పిలిపించి ఆ పత్రం లైను లైనుగా చదివించుకుంది. పొద్దున్న ఎందుకు కాదన్నారని అడిగింది.

"కోపం వల్ల," అన్నాడట ఆయన.

"ఎవరి మీద?"

"చనిపోయినవాళ్ళ మీద."

మరి ఇప్పుడెందుకు వచ్చారని ఆమె అడిగితే, ఇంటర్‌ప్రెటర్ ఫోన్ చేసిందని కూడా చెప్పేశాడు.

"మీకు ముందే చెప్పాల్సింది," అన్నాడు వైదేహితో. "దాచితే మళ్ళీ అబద్ధమే అవుతదని చెప్పేసిన. ఏమనుకోకండి."

"అనుకోవడానికేముందండీ. నేనూ మర్నాడే ఏజెన్సీకి అదే రాసి పంపాను."

ఆరు గంటలకి పాత నిర్ణయం పక్కన పెట్టి, సరోజనకి ఇక్కడ శరణు అడిగే అర్హత ఉందని కొత్త కాగితం ఇచ్చారు. అర్హత మాత్రమే. అసలు శరణు ఇస్తారో లేదో విచారణలో తేలాలి. దానికి రెండేళ్ళు పట్టొచ్చన్నారు.

ఏజెన్సీ వాళ్ళు వైదేహి పేరు జాబితాలోంచి తీసేశారు. ఉత్తరం పొట్టిగా ఉంది, మర్యాదగా ఉంది. ఆమె దాన్ని కోదండరామ్‌కి చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"నాకు మూడు రోజుల పని. నీకు అసలు లేదు," అన్నాడు. "అంత అవసరమా? ఎవరో ఏమిటో."

"ఎవరో కాదు. నేను వినబడలేదన్నందుకు వెనక్కి పోబోయిన మనిషి."

"దేశానికి ఒక రూలు ఉంటుంది వైదేహీ. మనం లైన్లో నిలబడి వచ్చాం. చదువుకీ ఉద్యోగానికీ పాయింట్లు లెక్క కట్టించుకుని, మెడికల్స్ చేయించుకుని వచ్చాం."

"మనకి లైను ఉందండీ. నిలబడ్డాం. ఆవిడ ఇంటి మీదికి వచ్చినవాళ్ళు లైన్లో రాలేదు కదా."

ఆయన ఉత్తరం మడిచి టేబుల్ మీద పెట్టాడు. మామూలుగా అయితే ఇంకో గంట వాదించేవాడు. ఆ రోజు ఆయనకీ ఓపిక లేదు. "అన్నం పెట్టు," అన్నాడు. ఇద్దరూ తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ, "పిల్లకి ఎన్నేళ్ళన్నావు?" అని అడిగాడు. తొమ్మిది అంది.

రెండు వారాల తర్వాత శనివారం మల్లికార్జున్ మళ్ళీ ఫోన్ చేశాడు. లాయరు ఒక ఫారం ఇచ్చింది, అందులో సరోజన తన కథంతా రాయాలి, తేదీలతో సహా. తెలుగులో చెప్తే లాయరు మనిషి ఇంగ్లీషు చేస్తుందట. కానీ సరోజన నాతో చెప్పలేకపోతోంది, నేను వినలేకపోతున్నాను, మీరు ఒకసారి రాగలరా అన్నాడు. ఇప్పుడు నేను ఇంటర్‌ప్రెటర్ని కాదండీ అంది వైదేహి. అందుకే పిలుస్తున్నా అన్నాడు.

గ్వెల్ఫ్‌కి ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళింది. రెండు గంటలు పట్టింది. మల్లికార్జున్ భార్య పోయి ఐదేళ్ళయింది, ఇల్లు పెద్దది, ఎక్కడి పుస్తకాలు అక్కడే ఉన్నాయి. సరోజన ఆమె అనుకున్నంత పొడుగు లేదు. ఫోన్లో గొంతు విని బలమైన మనిషి అనుకుంది. చేతుల మీద నూనె చిట్లిన మచ్చలు, కళ్ళ కింద నలుపు. వైదేహి "నమస్కారమండీ" అనగానే గొంతు గుర్తుపట్టి తలెత్తింది.

"మీరేనా మేడం?"

"నేనే. ఆ రోజు నాకు వినబడింది సరోజనా. వినబడలేదని చెప్పాను."

"చిన్నాయిన చెప్పిండు." ఆ గొంతులో ఉన్నది కోపమో కాదో వైదేహికి తెలియలేదు. "కూసోండి. చాయ్ పెడ్త."

అనన్య సోఫాలో ఒక మూల పుస్తకం చదువుకుంటోంది. స్కూలు ఎలా ఉందని తెలుగులో అడిగితే, "ఇట్స్ ఓకే. దే ఆస్క్‌డ్ మి ఇఫ్ ఐ యామ్ అమెరికన్," అంది. ఏం చెప్పావని అడిగింది వైదేహి. పిల్ల భుజాలెగరేసి, "ఐ సెడ్ నాట్ రియల్లీ," అని మళ్ళీ పుస్తకంలో తల పెట్టింది.

చాయ్ తాగుతుండగా మల్లికార్జున్ ఉన్నట్టుండి అడిగాడు. వైదేహి ముందు అయితే అడగొచ్చనుకున్నాడేమో.

"మీ బాపు నన్ను ఎప్పుడన్నా యాది చేసేటోడా?"

సరోజన కప్పు కింద పెట్టింది. ఔనంటే సరిపోయేది. ఆయన ఇంట్లోనే తలదాచుకున్న మనిషి, ఔననే అంటుందనుకుంది వైదేహి.

"లేదు చిన్నాయినా. నీ పేరు ఎత్తితే కోపానికొచ్చేటోడు. ఊరు ఇడిసి పోయి ఒక్క ఉత్తరం రాయలేదని తిట్టేటోడు. నాయినమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదని నెల దినాలు ఎవ్వరితోని మాట్లాడలే."

మల్లికార్జున్ ఆమెకేసి కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆయన నవ్వడం ఆ ఇంట్లో ఎవరూ చూసినట్టు లేదు, అనన్య కూడా పుస్తకం దించి చూసింది.

"వాడూ నా మీద అలిగిండు అన్నమాట," అన్నాడు. "అరవై ఏళ్ళు ఇద్దరం..." లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వీపు కొంచెం కదిలింది. కాసేపటికి తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

వైదేహి నోట్‌బుక్కు తీసింది. "మొదలుపెడదామా? తొందరేం లేదు. నువ్వు చెప్పినట్టే రాస్తాను."

సరోజన చెప్పడం మొదలుపెట్టింది. పెళ్ళయిన ఏడాది, భర్త రాసిన మొదటి వార్త, వాగు దగ్గర ట్రాక్టర్లు, ఫోన్లో బెదిరింపులు. తేదీలు కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. లారీ సంగతి వచ్చేసరికి ఆమె గొంతులో తేడా ఏమీ రాలేదు, మామూలుగానే చెప్పింది. వైదేహి చేతివేళ్ళే నొప్పెట్టాయి. ఇంటి మీదికి మొదటిసారి వచ్చినవాళ్ళు ఎంతమందని అడిగితే, "నలుగురు. కాదు, అయిదుగురు. ఒకడు గేటుకాడ ఉన్నడు," అని చెప్పి, సోఫా వెనక్కి ఒరిగింది.

ఆ తర్వాతేమయిందని వైదేహి తలెత్తి చూసేసరికి సరోజన నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెయ్యి ఒళ్ళో అలాగే పడి ఉంది.

"షి డజంట్ స్లీప్," అంది అనన్య మెల్లగా. "డోంట్ వేక్ హర్."

వైదేహి తలూపింది. ఇంకా రాయాల్సింది సగానికి పైగా ఉంది. విచారణకి రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళలో ఈ దేశం మనసు ఎటు మారుతుందో, ఆ పక్కవాళ్ళు మళ్ళీ ఏమంటారో, దానికి వీళ్ళేం చేస్తారో ఎవరికీ తెలీదు. ఆమె పెన్ను మూత పెట్టి, ఇంట్లో వేసుకునే చెప్పులు అక్కడే వదిలి, చప్పుడు కాకుండా వంటింట్లోకి నడిచింది. సింకులో గిన్నెలున్నాయి. పంపు సన్నగా తిప్పి వాటిని కడగడం మొదలుపెట్టింది.